ఏరియేటర్ పరికరానికి పేటెంట్ దరఖాస్తు: ఏం రాయాలి, ఎలా రాయాలి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. ఆకివీడు దగ్గర వనామి రొయ్యల చెరువులు చేస్తున్నారు. చక్రాలతో నీళ్లు చిలికి గాలి కలిపే ప్యాడిల్ వీల్ ఏరియేటర్‌కి బిగించే చిన్న పరికరం ఒకటి మీరే ఆలోచించి, ఊళ్లో వెల్డింగ్ షాపులో చేయించారు. అది పెట్టాక మోటార్లు కాలడం తగ్గింది. రెండు పంటలు నడిపి చూశారు. ఇప్పుడు పేటెంట్‌కి ఏ ఫారాలు వేయాలి, కాగితం ఏ ఫార్మాట్‌లో ఉండాలి, తెలుగులో రాయొచ్చా, వెల్డింగ్ షాపతని పేరు పెట్టాలా, మీ అబ్బాయి యూట్యూబ్‌లో వీడియో పెడతానంటున్నాడు పెట్టొచ్చా అని అడిగారు. పరికరం లోపలి ఏర్పాటు ఏమిటో మాత్రం చెప్పలేదు. మంచి పని చేశారు. ఇకమీదట కూడా బహిరంగంగా చెప్పకండి, నాలాంటి వాడు అడిగినా సరే.

నేను పేటెంట్ ఏజెంటుని. సొంతూరు పాలకొల్లు వైపు. మన వైపు నుంచి వచ్చే దరఖాస్తులు చూస్తే ఫారాలు నిండుగా, సంతకాలతో సహా సరిగ్గానే ఉంటాయి. పరికరం గురించి మాత్రం రెండు పేజీలు కూడా ఉండవు. అందరి టెన్షనూ మార్జిన్ల మీదే! మార్జిన్ తప్పితే ఆఫీసువాళ్లు సరిచేసి పంపమంటారు, అంతే. విషయం వదిలేస్తే దారి లేదు. పేటెంట్ చట్టం, 1970లో 59వ సెక్షన్ ప్రకారం దరఖాస్తు వేశాక దిద్దుబాట్లు చేయొచ్చు, పరిధి తగ్గించుకోవచ్చు, వివరణ ఇవ్వొచ్చు. మొదట రాయని కొత్త విషయాన్ని మాత్రం చేర్చకూడదు. అందుకే విషయం గురించి ఎక్కువ రాస్తాను, ఫార్మాట్ గురించి తక్కువ.

ముందు వీడియో సంగతి. ఇప్పుడే వద్దు. మీరే పెట్టినా, దరఖాస్తు తేదీకి ముందు బయటికొస్తే అది మీ మీదే సాక్ష్యం అవుతుంది. సొంతంగా బయటపెట్టినా ఇన్ని నెలల్లోపు దరఖాస్తు వేస్తే చాలు అని కొన్ని దేశాల్లో వెసులుబాటు ఉంది. మన చట్టంలో అలాంటి పెద్ద గొడుగు లేదు. కేంద్ర ప్రభుత్వం నోటిఫై చేసిన ఎగ్జిబిషన్ లాంటి కొన్ని సందర్భాలకే మినహాయింపు. వాట్సాప్ రైతు గ్రూపులో ఫోటో పెట్టడం కూడా ప్రమాదమే. ఆ గ్రూపులో ఎంతమంది ఉన్నారో, ఎవరు ఎవరికి పంపారో తర్వాత ఎవరు తేల్చుతారు?

మరి రెండు పంటలు చెరువులో నడిపారు కదా, అది బయటపెట్టినట్టు కాదా అనే సందేహం మీకు వచ్చే ఉంటుంది. 32వ సెక్షన్ మీకు కొంత ఊరట. పరికరం పనితీరు పరీక్షించడానికి మాత్రమే, మీరు గానీ మీ అనుమతితో ఇంకొకరు గానీ, దరఖాస్తు తేదీకి ముందు ఏడాదిలోపు బహిరంగంగా నడిపి ఉంటే, దాని స్వభావాన్ని బట్టి అలా బయట నడిపి చూడక తప్పదనుకుంటే, ఆ పరీక్ష కొత్తదనాన్ని చెడగొట్టదు. ఏరియేటర్ని ఇంట్లో బకెట్లో పెట్టి పరీక్షించలేం కాబట్టి చెరువు గట్టు మీద పరీక్ష సమంజసమే అని వాదించవచ్చు. కానీ మొదటి పంటలో ఎప్పుడు బిగించారో ఆ తేదీ చూసుకోండి. అప్పటి నుంచి ఏడాది దాటకూడదు. ఇంకో మాట: పక్క రైతు ఒకటి పట్టుకెళ్లాడని రాశారు. డబ్బు తీసుకుని ఇచ్చారా? తీసుకుంటే అది పరీక్ష అని చెప్పడం కష్టం. తీసుకోకపోతే, పరీక్ష కోసమే ఇచ్చినట్టు, వివరాలు బయట చెప్పకూడదని ఒప్పుకున్నట్టు ఒక కాగితం ఇప్పుడైనా రాయించుకోండి. వెల్డింగ్ షాపుతో కూడా అలాంటి కాగితమే.

తేదీ ఇంత ముఖ్యం కాబట్టి మీకు నా సలహా ప్రొవిజనల్, అంటే తాత్కాలిక దరఖాస్తు. క్లెయిములు (మీరు హక్కు కోరే వాక్యాలు) లేకుండా వివరణ, బొమ్మలు పెట్టి వేస్తే ఆ రోజు మీ ప్రాధాన్యత తేదీ, అంటే కొత్తదనాన్ని లెక్కించే తేదీ అవుతుంది. 12 నెలల్లోపు కంప్లీట్ స్పెసిఫికేషన్, అంటే క్లెయిములతో కూడిన పూర్తి వివరణ పత్రం వేయాలి. వేయకపోతే దరఖాస్తు వదులుకున్నట్టే లెక్క. ఇక్కడ చాలామంది పొరబడతారు. ప్రొవిజనల్ అంటే ఒక పేజీ ఐడియా రాసి పంపేస్తే చాలనుకుంటారు. ఏడాది తర్వాత కంప్లీట్‌లో మీరు అడిగే క్లెయిముకు ప్రొవిజనల్‌లో ఆధారం ఉంటేనే ఆ పాత తేదీ దక్కుతుంది. లేకపోతే ఆ క్లెయిము తేదీ కంప్లీట్ వేసిన రోజే. ఈలోగా మీరు వీడియో పెట్టేసి ఉంటే సొంత వీడియోనే అడ్డం తిరుగుతుంది. కాబట్టి ప్రొవిజనల్‌లో కూడా మీకు తెలిసిందంతా రాయండి. క్లెయిములు లేకపోవడం ఒక్కటే తేడా అన్నట్టు రాయండి.

రాయడానికి ముందు వెతకాలి. గూగుల్ పేటెంట్స్, మన ఆఫీసువాళ్ల ఇన్‌పాస్, యూరప్ ఆఫీసువాళ్ల ఎస్పాస్‌నెట్ మూడూ ఉచితమే. మాటలతో వెతికితే సగం దొరకవు. ఒకరు ఏరియేటర్ అంటారు, ఇంకొకరు ఆక్సిజనేటర్ అంటారు. అందుకని వర్గీకరణ కోడ్‌తో వెతకండి. చేపల తొట్లకు, చెరువులకు గాలి అందించే పరికరాలు ఏ01కె 63/04 కింద వస్తాయి. నీటి వనరులకు గాలి పట్టించేవి సీ02ఎఫ్ 7/00 కింద ఉంటాయి. ఈ అక్షరాలు వెతికే చోట ఇంగ్లీషులో కొట్టాలి. కోనసీమలో ఎవరైనా కొబ్బరిచెట్టు ఎక్కే పరికరం చేస్తే, దాని కోడ్ వ్యవసాయంలో కాదు, వ్యాయామ, క్రీడా సామగ్రి ఉండే ఏ63బీలో ఉంటుంది. చెట్లు, స్తంభాలు ఎక్కే సాధనాలు అక్కడ పెట్టారు! కోడ్ ఊహించకుండా, దగ్గర్లో ఉన్న ఒక పేటెంట్ దొరికాక దాని మీద ఉన్న కోడ్ పట్టుకుని వెతకడం మేలు.

ఏరియేటర్ల విషయంలో చైనా యుటిలిటీ మోడళ్లు కుప్పలుగా కనిపిస్తాయి. అవి చిన్న పేటెంట్లలాంటివి, ఆ పద్ధతి మన దేశంలో లేదు. కానీ చైనాలో ప్రచురించినదీ మీ కొత్తదనాన్ని దెబ్బతీస్తుంది. భాష రాదని వదిలేయకండి. గూగుల్ అనువాదం ఉంటుంది, బొమ్మలు ఎలాగూ చూడొచ్చు. దగ్గరి పోలిక ఉన్నవి ఏరి, ఒక్కోదానికి ఎదురుగా మీదానిలో ఏ భాగం వేరుగా ఉందో, ఆ తేడా వల్ల ఏం జరుగుతుందో రెండు వాక్యాలు రాసుకోండి. ఈ కాగితం ఆఫీసుకి పంపక్కర్లేదు గానీ, క్లెయిము రాసేటప్పుడు ఇదే మీ చేతిలో ఉండాలి.

ఇక వివరణ. మీ పరికరం నాకు తెలియదు, తెలిసినా ఇక్కడ రాయను. కాబట్టి ఉదాహరణకి కొబ్బరికాయ వలిచే సాధనం తీసుకుంటాను. అంబాజీపేట వైపు వలుపు పనివాళ్లు కాయని గునపానికి గుచ్చి తిప్పుతారు. పట్టు తెలియనివాడి చేతిలో మొన పీచు దాటి చిప్పకి తగిలి కాయ చీరుకుంటుంది. ఎవరో ఒకరు రెండు దవడలు, వాటికి పళ్లు ఉన్న తొక్కుడు సాధనం చేసి, పళ్లు పీచులోకి ఎంత దిగాలో ఆపే పట్టీ పెట్టారనుకుందాం. నేనిలా బయట రాశాను కాబట్టి ఈ పట్టీ ఐడియాని కొత్తదని ఇక ఎవరూ చెప్పుకోలేరు. అందుకే ధైర్యంగా వాడుతున్నాను.

దీని వివరణ మామూలుగా ఎలా రాసుకొస్తారంటే: ‘ఈ యంత్రం చాలా సులువు, కూలీల కొరత తీరుస్తుంది, ఆడవాళ్లు కూడా నడపొచ్చు, కాయ పగలదు, ఖర్చు తక్కువ.’ ఇది కరపత్రం. పేటెంట్ ఆఫీసులో దరఖాస్తును పరిశీలించే ఎగ్జామినర్‌కి దీనివల్ల ఏమీ తెలియదు. 10వ సెక్షన్ అడిగేది వేరు. ఆ రంగంలో మామూలు నైపుణ్యం ఉన్న మనిషి మీ కాగితం చదివి, మిమ్మల్ని ఏమీ అడగకుండా ఆ పరికరం తయారుచేయగలగాలి. మీకు తెలిసిన అన్నిటికంటే మంచి పద్ధతి దాచకుండా చెప్పాలి. మీ విషయంలో ఆ మనిషి ఏరియేటర్లు బాగుచేసే మెకానిక్ అనుకోండి. చట్రం దేనితో చేశారు, పళ్లు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతాయి, పట్టీ దేనికి ఆనుకుని ఉంటుంది, దాన్ని జరపాలంటే ఏం వదులు చేయాలి, జరిపాక ఎలా నిలుస్తుంది, తొక్కినప్పుడు ఏ భాగం ముందు కదిలి దేన్ని నెడుతుంది, వదిలినప్పుడు వెనక్కి ఎలా వస్తుంది. ఇలా ఒక భాగం ఇంకో భాగాన్ని ఎలా కదిలిస్తుందో వరసగా రాయాలి.

ఈ ‘ఒకటి ఇంకోదాన్ని కదిలించడం’ ఎందుకు ముఖ్యమంటే 3(ఎఫ్) అనే సెక్షన్ ఒకటుంది. ముందే తెలిసిన పరికరాలను పక్కపక్కన పెట్టి, ఏదానికది విడిగా తన పని తాను చేసుకుంటుంటే అది ఆవిష్కరణ కాదు. చిన్న యంత్రాల మీద తరచుగా వచ్చే అభ్యంతరాల్లో ఇదొకటి. ఏరియేటర్ పక్కన మార్కెట్లో దొరికే ఓవర్‌లోడ్ రిలే (మోటారు మీద భారం ఎక్కువైతే కరెంటు ఆపేది) పెడితే రెండూ విడివిడిగా పనిచేస్తున్నట్టే కదా అంటారు. మీ పరికరం అలాంటిది కాదని చూపాలంటే, అది ఏరియేటర్‌లో ఏ మార్పును పట్టుకుని, తిరిగి ఏరియేటర్‌లో దేన్ని మారుస్తుందో కాగితం మీద ఉండాలి.

మీ దగ్గర కొలతలు ఉంటే అవి బంగారం. ఒకే చెరువు, ఒకే నీటి లోతు, ఒకే మోటారు. పరికరం లేకుండా ఎన్ని ఆంపియర్లు లాగింది, పెట్టాక ఎన్ని లాగింది, ఏ గంటలో చూశారు. క్లాంప్ మీటర్‌తో తీసిన రీడింగులు చిన్న పట్టికగా వివరణలో పెట్టండి. తర్వాత ఎగ్జామినర్ ‘ఇందులో తెలివైన అడుగు ఏముంది’ అన్నప్పుడు మీ వకాల్తా పుచ్చుకునేది ఆ పట్టికే. రీడింగులు ఇప్పటిదాకా తీయకపోతే ఈ వారంలో తీయండి. తోచిన అంకెలు మాత్రం రాయకండి.

తర్వాత ప్రత్యామ్నాయాలు. ఇక్కడే మన రైతులు, మెకానిక్కులు బాగా నష్టపోతారు. తాము చేసిన ఒక్క నమూనానే రాస్తారు. బోల్టుతో బిగించారు కాబట్టి బోల్టు అని రాస్తారు. పోటీదారు పిన్ను పెట్టి తప్పించుకుంటాడు. బోల్టు బదులు పిన్ను, క్లాంపు, స్ప్రింగు ఏవి పనిచేస్తాయో మీకు తెలుసు, ఎందుకంటే చేసేటప్పుడు అవన్నీ ఆలోచించే ఉంటారు. వాటిని రాయండి. స్టెయిన్‌లెస్ స్టీలు బదులు ప్లాస్టిక్ పనికొస్తుందా, ఉప్పునీటి చెరువులో ఏది తుప్పు పట్టదు, రెండు చక్రాల ఏరియేటర్‌కి ఎలా, నాలుగు చక్రాలదానికి ఎలా, ఒక హెచ్‌పీ మోటారుకి ఎలా, రెండు హెచ్‌పీకి ఎలా. లోతులు, పొడవులు ఒకే అంకెగా కాకుండా ‘ఇంత నుంచి ఇంత దాకా, మేలైనది ఇంత’ అని రాయండి. పనిచేయలేదని పక్కన పడేసిన ఏర్పాటును కూడా, కొంచెం మారిస్తే పనిచేస్తుందనుకుంటే చేర్చండి. రేపు పరిధి తగ్గించుకోవాల్సి వస్తే వెనక్కి తగ్గి నిలబడడానికి మెట్లు కావాలి. ఆ మెట్లు ఈరోజు కాగితంలోనే ఉండాలి.

క్లెయిములు కంప్లీట్ స్పెసిఫికేషన్ చివర వస్తాయి. వివరణ ఎంత గొప్పగా ఉన్నా, మీకు హక్కు వచ్చేది క్లెయిములో రాసినంత మేరకే. భూమి దస్తావేజులో తోట ఎంత బాగా కాస్తుందో ఎంత రాసినా, రేపు గొడవ వస్తే చూసేది తూర్పు, పడమర హద్దులే కదా. ఒక్కో క్లెయిము ఒకే వాక్యం. కొబ్బరి సాధనానికి మొదటి క్లెయిము తెలుగులో ఇలా ఉంటుంది:

‘కొబ్బరికాయ పీచు వలిచే సాధనం; అందులో ఒక చట్రం; ఆ చట్రానికి కదలకుండా అమర్చిన మొదటి దవడ; దానికి ఎదురుగా కదిలేలా అమర్చిన రెండో దవడ; రెండు దవడలకూ ఉన్న పళ్లు; రెండో దవడను మొదటి దవడ నుంచి దూరంగా జరిపే తొక్కుడు మీట; కనీసం ఒక దవడ మీద, పళ్ల వెంబడి జరిపి నిలపగలిగేలా అమర్చి, ఆ పళ్లు పీచులోకి దిగే లోతును పరిమితం చేసే ఆపుడు పట్టీ ఉన్నాయి.’

బోల్టు ప్రస్తావన లేదు చూడండి. ‘జరిపి నిలపగలిగేలా’ అంటే బోల్టు, పిన్ను, స్ప్రింగు అన్నీ వచ్చేస్తాయి, వివరణలో వాటిని చెప్పి ఉంటే. ‘సులువుగా’, ‘వేగంగా’, ‘తక్కువ ఖర్చుతో’ లాంటివి కూడా లేవు. వాటికి కొలత లేదు కాబట్టి స్పష్టత లేదంటారు. రెండో క్లెయిము నుంచి ‘1వ క్లెయిములో చెప్పిన సాధనం, అందులో ఆ పట్టీ స్ప్రింగు మీద నిలిచి ఉంటుంది’ అని ఒక్కో ప్రత్యేకతను కలుపుతూ పోతారు. మొదటిదానికి అడ్డం వచ్చే పాత పేటెంట్ దొరికితే, రెండోదో మూడోదో నిలబడుతుంది. ఇంగ్లీషులో రాసేటప్పుడు భాగాల జాబితాకి ముందు ‘కంప్రైజింగ్’ అని వాడండి. దానికి ఇవి ఉన్నాయి, ఇంకేమైనా కూడా ఉండొచ్చు అని అర్థం. ‘కన్సిస్టింగ్ ఆఫ్’ అంటే ఇవి మాత్రమే. అవతలివాడు ఒక నట్టు అదనంగా పెట్టి బయటపడతాడు.

మీ విషయంలో ఇంకో ముఖ్యమైన నిర్ణయం ఉంది. మొదటి క్లెయిము ‘ఫలానా పరికరం బిగించిన ఏరియేటర్’ అని రాయకండి. భీమవరంలో ఒక షాపువాడు మీ పరికరం ఒక్కటే చేసి అమ్మితే, రైతు తన ఏరియేటర్‌కి తానే బిగించుకుంటాడు. మొత్తం ఏరియేటర్ క్లెయిము చేస్తే దాన్ని పూర్తిగా తయారుచేసింది రైతు. మీరు కోర్టుకి లాగాల్సింది మీ తోటి రైతునా? కాబట్టి మొదటి స్వతంత్ర క్లెయిము, అంటే ఇంకో క్లెయిము మీద ఆధారపడనిది, పరికరం మీదే ఉండాలి: ‘ప్యాడిల్ వీల్ ఏరియేటర్‌కి బిగించే పరికరం, అందులో...’ అని. ఆ పరికరం ఉన్న ఏరియేటర్‌ని వేరే స్వతంత్ర క్లెయిముగా పెట్టండి, ఏరియేటర్ కంపెనీతో లైసెన్సు మాట్లాడేటప్పుడు అది పనికొస్తుంది. ‘రొయ్యల చెరువు నడిపే పద్ధతి’ అని క్లెయిము పెట్టే ఆలోచన ఉంటే మానుకోండి. వ్యవసాయ పద్ధతులకు పేటెంట్ లేదని 3(హెచ్) అడ్డం పెడతారు. మీ అబ్బాయి మొబైల్ యాప్ కలుపుదామంటున్నాడు కదా, కలపండి. కానీ ప్రోగ్రాం ఒక్కదానికే పేటెంట్ ఉండదు, 3(కె). సెన్సర్, దాని నుంచి మోటారుకి వెళ్లే కంట్రోలు, ఇవి పరికరంలో భాగాలుగా రావాలి.

ఇప్పుడు ఫార్మాట్. ఇది చిన్న విషయం, త్వరగా చెప్పేస్తాను. స్పెసిఫికేషన్ ఇంగ్లీషులో గానీ హిందీలో గానీ ఉండాలి. తెలుగులో తీసుకోరు. మీరు తెలుగులోనే పూర్తిగా రాసి, తర్వాత యంత్రాలు తెలిసినవాళ్లతో ఇంగ్లీషు చేయించండి. మొదటే ఇంగ్లీషులో మొదలుపెడితే, మాటలు దొరక్క విషయం వదిలేస్తారు. ఏ4 కాగితం, ఒకవైపే టైపు, పైన, ఎడమ పక్క కనీసం 4 సెంటీమీటర్లు, కింద, కుడి పక్క 3 సెంటీమీటర్ల ఖాళీ, ఒకటిన్నర లైన్ల ఎడం, అడుగున మధ్యలో పేజీ నంబరు, ప్రతి ఐదో లైనుకి ఎడమ మార్జిన్‌లో లైను నంబరు. శీర్షిక 15 మాటలు దాటకూడదు, అందులో బ్రాండు పేరు, మీ ఇంటిపేరు వద్దు. సారాంశం 150 మాటల లోపు, వేరే పేజీలో. క్లెయిములు కూడా కొత్త పేజీలో మొదలవ్వాలి. వరస మామూలుగా ఇలా వస్తుంది: శీర్షిక, ఏ రంగం, ఇప్పటిదాకా ఉన్నవి, వాటిలో లోపం, ఆవిష్కరణ క్లుప్తంగా, బొమ్మల పట్టిక, పూర్తి వివరణ, క్లెయిములు, తేదీ, సంతకం, సారాంశం. ‘ఇప్పటిదాకా ఉన్నవి’ దగ్గర ఫలానా కంపెనీ ఏరియేటర్ చెత్త అని రాయొద్దు. లోపం ఏమిటో సాంకేతికంగా చెప్పి ఊరుకోండి.

బొమ్మల దగ్గర మాత్రం కాస్త ఆగాలి. ఫోన్‌తో తీసిన ఫోటోలు పనికిరావు. నల్లటి గీతలతో లైన్ డ్రాయింగ్ కావాలి. ఆటోక్యాడ్ తెలిసిన డిప్లొమా కుర్రాడెవరైనా చేసిపెడతాడు, కానీ వాళ్లు అలవాటుకొద్దీ కొలతలన్నీ బాణాలు పెట్టి వేసేస్తారు. పేటెంట్ బొమ్మ మీద కొలతలు ఉండకూడదు, వివరణ మాటలు కూడా ఉండకూడదు, ఫ్లో చార్టుకి మాత్రమే మినహాయింపు. ఒక్కో భాగానికి ఒక అంకె, అదే అంకె వివరణలో ఆ భాగం పేరు పక్కన. చట్రం 10 అయితే చివరిదాకా 10. మధ్యలో ‘ఫ్రేము’, ‘స్టాండు’, ‘బాడీ’ అని పేర్లు మార్చకండి. ఎగ్జామినర్ అవి మూడు వేర్వేరు భాగాలనుకుంటాడు. షీటు ఎడమ పైమూల దరఖాస్తుదారు పేరు, కుడి పైమూల మొత్తం షీట్లు, ఇది ఎన్నోది, కుడి కింద సంతకం. పరికరం మొత్తం ఒక బొమ్మ, విడగొట్టి ఒకటి, ఏరియేటర్‌కి బిగించాక ఒకటి, పనిచేసే రెండు స్థితులు పక్కపక్కన ఒకటి. ఆ చివరిది తప్పనిసరిగా వేయించండి.

ఫారాలు: 1 దరఖాస్తు, 2 స్పెసిఫికేషన్, 3 విదేశీ దరఖాస్తుల వివరం, 5 ఆవిష్కర్తల ప్రకటన; ఇది కంప్లీట్‌తో వస్తుంది. ఏజెంటుని పెట్టుకుంటే 26. ఆంధ్రప్రదేశ్ చెన్నై ఆఫీసు కిందికి వస్తుంది, మన పక్కనున్న యానాం కూడా అంతే. సొంతంగా వేస్తే కాగితాలు పోస్టులో పంపొచ్చు, కానీ ఫీజు దాదాపు పది శాతం ఎక్కువ. ఆన్‌లైన్‌లో వేయాలంటే క్లాస్ 3 డిజిటల్ సంతకం కావాలి. వ్యక్తిగా ఆన్‌లైన్‌లో వేస్తే దరఖాస్తు ఫీజు 1,600 రూపాయలు. 30 పేజీలు దాటితే పేజీకి 160, 10 క్లెయిములు దాటితే క్లెయిముకి 320. ప్రొవిజనల్ తర్వాత వేసే కంప్లీట్‌కి ఈ అదనాలు తప్ప మళ్లీ ఫీజు లేదు. ఏజెంటు ఫీజు వేరే. ‘వారంలో పేటెంట్ ఇప్పిస్తాం’ అనే ప్రకటన చూస్తే అక్కడే ఆగండి.

వెల్డింగ్ షాపతని విషయం. మీరు గీసిచ్చిన బొమ్మ ప్రకారం కోసి, అతికించి ఇస్తే అతను ఆవిష్కర్త కాడు, ఎంత బాగా చేసినా సరే. బొమ్మలు వేసిన కుర్రాడూ కాడు. కానీ చేస్తూ చేస్తూ ‘ఇక్కడ ఇలా కాదండీ, ఈ పక్క నుంచి ఆపితే బాగుంటుంది’ అని అతను చెప్పిన ఉపాయం మీ క్లెయిముల్లోకి వచ్చిందా? వస్తే అతనూ ఆవిష్కర్తే. పేరు పెట్టాలి. పెట్టకపోతే తన ఆలోచన తీసుకున్నారని రేపు అభ్యంతరం వేయొచ్చు, చట్టంలో అది ఒక కారణం కూడా. పేరు పెట్టినంత మాత్రాన సగం హక్కు ఇచ్చేయక్కర్లేదు. ఆవిష్కర్త వేరు, దరఖాస్తుదారు వేరు. అతను తన హక్కును మీకు రాసిచ్చినట్టు పత్రం తీసుకుని దరఖాస్తుతో పెడితే దరఖాస్తుదారు మీరొక్కరే ఉండొచ్చు. దానికి తగిన ప్రతిఫలం మాట్లాడుకోండి. రెండు పంటలు మీతో కలిసి తిరిగిన మనిషి కదా.

తిరగేసి చెప్పాలంటే, బావమరిది పేరు, మేనల్లుడి చదువు కోసం అతని పేరు ఆవిష్కర్తల్లో ఇరికించడం మన వైపు మామూలైపోయింది. వద్దు. మీ ఆవిడ పేరు విషయంలో మాత్రం ఒక సంగతి తెలుసుకోండి. దరఖాస్తుదారులంతా వ్యక్తులై, వారిలో కనీసం ఒక మహిళ ఉంటే త్వరిత పరిశీలన కోరవచ్చు. ఆవిడకు హక్కులో వాటా రాసిచ్చి దరఖాస్తుదారుగా చేర్చడం న్యాయమే. ఆవిష్కర్త అని రాయడం మాత్రం, ఆవిడ ఆలోచన అందులో ఉంటేనే.

వేశాక ఏం జరుగుతుందంటే, ప్రాధాన్యత తేదీ నుంచి 18 నెలలకు దరఖాస్తు పేటెంట్ ఆఫీసు జర్నల్‌లో వస్తుంది. ఆ జర్నల్ ప్రతి శుక్రవారం వస్తుంది. తొందరగా కావాలంటే కంప్లీట్ వేశాక ఫారం 9, 2,500 రూపాయలు. ప్రచురణ అయితే పేటెంట్ వచ్చినట్టు కాదు. కొన్ని ఇంజినీరింగ్ కాలేజీల ఫ్లెక్సీల మీద ‘పేటెంట్ సాధించిన అధ్యాపకులు’ అని కనిపించేవాటిలో చాలావరకు ప్రచురణలే. పరిశీలన కోరుతూ ఫారం 18 విడిగా వేయాలి, ఫీజు 4,000. త్వరిత పరిశీలనకైతే 18ఏ, 8,000. గడువు ప్రాధాన్యత తేదీ నుంచి 31 నెలలు. 2024కి ముందు ఇది 48 నెలలు ఉండేది, పాత వ్యాసాలు చదివి నిదానంగా ఉండకండి. అడగకపోతే దరఖాస్తు ఉపసంహరించుకున్నట్టే.

పరిశీలన నివేదిక ఈమెయిల్‌కి వస్తుంది. జవాబుకి 6 నెలలు. మీ అబ్బాయి కాలేజీ మెయిల్ ఇచ్చి, అతను ఉద్యోగానికి వెళ్లాక ఎవరూ చూడక గడువు పోతే, దరఖాస్తు వదిలేసినట్టు తీసుకుంటారు. రోజూ తెరిచే మెయిలే ఇవ్వండి. నివేదికలో నాలుగైదు అభ్యంతరాలు చూసి పేటెంట్ రాదని బెంగపడకండి, దాదాపు ప్రతి దరఖాస్తుకీ వస్తాయి. వాళ్లు చూపిన పాత పేటెంట్ల బొమ్మలు తెరిచి, మీ మొదటి క్లెయిములోని ఒక్కో భాగం అందులో ఉందా లేదా అని మీరే ముందు చూడండి. ఏజెంటు కంటే మీకే బాగా తెలుస్తుంది. పేటెంట్ వస్తే దరఖాస్తు తేదీ నుంచి 20 ఏళ్లు, మూడో ఏడాది నుంచి రెన్యువల్ ఫీజు ఉంటుంది. మొదట్లో వ్యక్తులకు ఏడాదికి 800.

వియత్నాం, ఇండోనేషియా చెరువుల్లోనూ ఇవే ఏరియేటర్లు తిరుగుతున్నాయి కాబట్టి బయటి దేశాల ఆలోచన ఉంటే మొదటి తేదీ నుంచి 12 నెలల్లోపు కదలాలి. ముందు ఇక్కడ వేసి ఆరు వారాలు ఆగి, ఆ తర్వాతే బయట వేయాలి. లేదంటే పేటెంట్ ఆఫీసు అనుమతి తీసుకోవాలి.

మళ్లీ వీడియో దగ్గరికి వస్తే, ప్రొవిజనల్ వేసి నంబరు చేతికొచ్చాక మీ అబ్బాయిని పెట్టుకోమనండి. ‘పేటెంట్‌కి దరఖాస్తు చేశాం’ అని రాయొచ్చు. ‘పేటెంట్ పొందినది’ అని రాయకూడదు, దానికి 10 లక్షల దాకా జరిమానా ఉంది. ప్రొవిజనల్ వేశాక మూడో పంటలో మీరు చేసే కొత్త మార్పులు ఆ వీడియోలో కనిపించకూడదు. అవి ఆ కాగితంలో లేవు కాబట్టి వాటికి ఆ తేదీ రక్షణ లేదు. పాత నమూనా బిగించిన ఏరియేటర్‌నే చూపించమనండి, కొత్త మార్పులను కంప్లీట్‌లో చేర్చి వేశాక రెండో వీడియో తీసుకోవచ్చు.